ఏటిగట్టు కుక్క

ఈవారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మా ఊరిదే. గునుపూడి నుంచి ఒక సోదరి వ్రాశారు. బెంగుళూరులో ఉంటున్న ఆమె మరిది ఎయిర్‌డేల్ టెర్రియర్ జాతి కుక్కపిల్లను తెచ్చి ఇస్తానన్నాడట. పిల్లలు అప్పుడే దానికి మూడు పేర్లు పెట్టి పోట్లాడుకుంటున్నారట. మామగారికి సమ్మతమే. అత్తగారు మాత్రం పెదవి విరిచారు. "మీరు ఎలా చెబితే అలా" అని నిర్ణయం నా నెత్తిన పెట్టి, ఆ సోదరి మూడు ప్రశ్నలు వేశారు. ఈ కుక్క మన ఎండకు తట్టుకుంటుందా? పిల్లల్ని కరుస్తుందా? అత్తయ్యగారి మడికీ, వంటింటికీ ఇబ్బంది లేకుండా ఉంచుకోగలమా?

ప్రశ్నలు మూడూ సబబైనవే. కాని అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. "ఆ కుక్కకు మా ఇంట్లో పనేమిటి?" అన్నది. ఎయిర్‌డేల్ విషయంలో ముందు తేల్చుకోవలసింది ఇదే. ఎందుకో చెప్పాలంటే దాని పుట్టిల్లు ఎటువంటిదో కాస్త తెలియాలి.

ఇంగ్లండులో యార్క్‌షైర్ అనే ప్రాంతంలో ఎయిర్ అని ఒక చిన్న నది ఉంది. 'డేల్' అంటే లోయ. ఆ ఏటి లోయలో పుట్టింది గనుక ఎయిర్‌డేల్. పందొమ్మిదో శతాబ్దం నడుమ అక్కడంతా ఉన్ని మిల్లులు. మిల్లు కూలీలకు వేట సరదా ఉండేది గాని, జమీందారుల్లాగా ఒక్కో రకం వేటకు ఒక్కో కుక్కల మందను మేపే స్తోమతు లేదు. అన్ని పనులకూ ఒకే కుక్క కావాలి. అందుకని గరుకు బొచ్చుగల పాతకాలపు టెర్రియర్‌ను, నీళ్లలో దిగి నీటికుక్కల్ని వేటాడే 'ఆటర్‌హౌండ్' అనే పెద్ద కుక్కతో దాటించారు. పుట్టిన సంతతి ఎలుకను పట్టింది, ఏట్లో ఈదింది, రాత్రిపూట ఇల్లు కాసింది. మొదట్లో దానికి 'ఏటిగట్టు టెర్రియర్' అనే పేరుండేది. 1886లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బువారు ఎయిర్‌డేల్ పేరుతోనే దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించారు.

తమాషా ఏమిటంటే, ఆ మిల్లు కూలీలు సెలవు దొరికితే ఏటి ఒడ్డుకు చేరి, ఎవరి కుక్క నీటి ఎలుకల్ని బాగా పడుతుందో పందాలు వేసుకునేవారు. సంక్రాంతికి కోడిపందాల బరిచుట్టూ మూగే జనాన్ని చూసిన మన భీమవరం వారికి ఆ కోలాహలం ఎటువంటిదో ఒకరు చెప్పనక్కరలేదు.

టెర్రియర్ అన్నమాట 'భూమి' అనే అర్థంగల లాటిన్ మాటలోంచి వచ్చింది. కన్నంలో దాక్కున్న జంతువును మట్టి తవ్వి బయటికి లాగటం ఈ కుక్కల వృత్తి. చాలామట్టుకు టెర్రియర్లు చిన్నవి, కన్నాల్లో దూరగలిగినవి. ఎయిర్‌డేల్ మాత్రం మగది భుజం దగ్గర 23, 24 అంగుళాల ఎత్తుంటుంది. బరువు ఇరవై కిలోలకు పైమాటే. పాతకాలపు టెర్రియర్లన్నిటిలోకీ ఇదే పెద్దది. కన్నంలో దూరే ఒళ్లు లేదు గాని, తవ్వే బుద్ధి మాత్రం పోలేదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత సోవియట్ సైన్యంవారు ఇంకా పెద్ద కుక్క కావాలని, ఎయిర్‌డేల్‌ను జెయింట్ ష్నాజర్, రాట్‌వైలర్ వంటి జాతులతో కలిపి 'బ్లాక్ రష్యన్ టెర్రియర్'ను తయారుచేశారు. అది మన దగ్గర అరుదు.

మొదటి ప్రపంచయుద్ధంలో కూడా ఈ కుక్క కొలువు చేసింది. లెఫ్టినెంట్ కల్నల్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1917లో షూబరీనెస్‌లో బ్రిటిష్ సైన్యానికి కుక్కల బడి నడిపాడు. అక్కడ తర్ఫీదు పొందినవాటిలో ఎయిర్‌డేళ్లు ముఖ్యమైనవి. టెలిఫోను తీగలు తెగిపోయిన చోట, మనిషి తల ఎత్తితే గుండు తగిలే చోట, మెడకు కట్టిన డబ్బాలో చీటీ పెట్టి వదిలితే కుక్క చేరవేసేది. ఆ తరవాత 1921లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ ఇంటికి లాడీ బాయ్ అనే ఎయిర్‌డేల్ చేరింది. మంత్రివర్గ సమావేశాల్లో దానికి ప్రత్యేకంగా ఒక కుర్చీ వేసేవారు. 1923లో హార్డింగ్ మరణించినప్పుడు పేపర్లు వేసే కుర్రాళ్లు తలా ఒక పెన్నీ చందా వేసి, ఆ నాణాలు కరిగించి కుక్క విగ్రహం పోయించారు. హార్డింగ్ పూర్వం పత్రికా సంపాదకుడు. ఆ కుర్రాళ్లకు ఆయనా, ఆ కుక్కా ఇద్దరూ తమవాళ్లే. ఆ విగ్రహం ఇప్పటికీ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంవారి దగ్గర ఉంది.

ఇదంతా కథలు చెప్పి ఊరించటానికి కాదు. తరతరాలుగా తెల్లవారి లేచింది మొదలు పని ఉన్న కుక్క ఇది. పని చెప్పేవాడు దగ్గర లేకపోయినా తనంతట తాను ఆలోచించి నిర్ణయం చేసుకునే కుక్క. మన వరండాలో గొలుసు వేసి కట్టేసినా ఆ బుద్ధి ఎక్కడికీ పోదు.

అల్సేషియన్‌ను పెంచినవారు మనలో చాలామంది ఉన్నారు. అది యజమాని మొహం చూస్తూ మాటకోసం కాచుకుంటుంది. ఎయిర్‌డేల్ అలా కాదు. "కూర్చో" అంటే మీవంక ఒకసారి చూసి, "ఎందుకు?" అని ఆలోచిస్తుంది. తెలివి తక్కువై కాదు, ఎక్కువై. ఒక పని మూడుసార్లు చేయించారంటే నేర్చుకుంటుంది. అదేపని పదోసారి చేయమన్నారంటే విసుగుపుట్టి తోటలోకి పోతుంది. అందుచేత పాఠం పది నిమిషాలకు మించకూడదు. రోజూ కొంచెం మార్చి చెప్పాలి. చేసిన వెంటనే ఒక ముక్క ఏదైనా పెట్టి మెచ్చుకోవాలి. కొట్టి నేర్పుదామనుకుంటే మాత్రం పని జరగదు. మొండితనం పెరుగుతుంది, మీమీద నమ్మకం పోతుంది. ఇంకో సంగతి. ఒళ్లు ఏడాదికే పెరిగినా పసితనం రెండేళ్లదాకా వదలదు. అంతవరకూ చెప్పులూ, చాపలూ, కుర్చీకాళ్లూ దాని సొంత ఆస్తి.

దానికి పని లేకపోతే మన ఇంటినే పని చేసుకుంటుంది. పెరట్లో కనకాంబరం మడి తవ్వుతుంది. గోడ పక్కన గొయ్యి తీస్తుంది. దారినపోయే ప్రతి సైకిలునూ పలకరిస్తుంది. అప్పుడు "పిచ్చికుక్కను అంటగట్టారు" అని మరిదిమీద నేరం మోపటం, కుక్కను గొలుసుకు కట్టటం, ఆ గొలుసు మూలాన అది మరింత చెడటం, చివరకు ఎవరికైనా ఇచ్చేయటం, పుచ్చుకునేవారు లేకపోతే దూరంగా తీసుకుపోయి వదిలేయటం. ఈ వరస ఒక్కొక్క మెట్టే జరుగుతుంది. ఉండి వెళ్లే దారిలో కాలవగట్టున, మెడకు ఇంకా పట్టీ ఉన్న జాతికుక్కలు డొక్కలెండి తిరగటం నేను కళ్లారా చూశాను. ఊరకుక్కకు వీధిలో బతికే విద్య తెలుసు. ఇంట్లో పుట్టి పెరిగినదానికి అది తెలియదు. నాలుగు రోజులు అదే చోట కూర్చుని, ఆగిన ప్రతి కారువంకా పరుగెత్తుతుంది.

కనుక ఏం పని పెట్టాలంటారా? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మొత్తంమీద గంటకు తక్కువ కాకుండా నడిపించాలి. ఇంట్లో ఒక పాత తువ్వాలు దాచి వెతికించండి. ఎయిర్‌డేల్ ముక్కు గొప్పది, ఆ ఆటకు అది ప్రాణం పెడుతుంది. పెరట్లో మామిడిచెట్టు కింద ఒక మూల ఇసక పోసి, "ఇది నీది" అని చూపించి, అందులో ఎముకబొమ్మ పాతిపెట్టండి. తవ్వే సరదా అక్కడ తీరితే కనకాంబరం మడి దక్కుతుంది. ఈత దానికి పుట్టుకతో వచ్చిన విద్య గనుక శుభ్రమైన చెరువు ఉంటే దింపవచ్చు. రొయ్యల చెరువుల దగ్గరకు మాత్రం రానివ్వకండి. పరాయి జంతువుతో తెగులు వస్తుందని రైతు చుట్టూ వలలు కట్టుకుంటాడు. దానికితోడు ఏరేటర్ల కరెంటు తీగలు నీళ్లలోనే ఉంటాయి.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. మన ఎండ. ఎయిర్‌డేల్‌కు రెండు పొరల బొచ్చు. పైన తీగలాంటి గరుకు వెంట్రుకలు, కింద మెత్తటి నూగు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పటమే దాని చెమట. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ రొప్పు పనిచేయదు. రోహిణికార్తెలో మన డెల్టా ఉక్క సంగతి తెలిసిందే. అందుచేత వేసవిలో నడక తెల్లవారు అయిదింటికి, మళ్లీ చీకటిపడ్డాక. మిట్టమధ్యాహ్నం తారురోడ్డుమీద మీరు చెప్పులు లేకుండా అరనిమిషం నిలవలేకపోతే, దాని పాదాలకూ ఆ శిక్ష వేయకండి. పగలంతా నీడ, గాలి, తొట్టినిండా నీళ్లు ఉండాలి. మూసిన కారులో అయిదు నిమిషాలు కూడా వదలకూడదు.

కుక్క ఒంటివేడి మామూలుగా 101 నుంచి 102న్నర డిగ్రీల దాకా ఉంటుంది. మన కొలతతో చూసి జ్వరమనుకోకండి. అయితే విపరీతంగా రొప్పుతూ, చొంగ తీగలు సాగి, చిగుళ్లు ఎర్రగా కంది, తూలిపోతూ ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లంతా మామూలు చన్నీళ్లతో తడిపి విసరండి. నీళ్లు పోస్తూనే డాక్టరు దగ్గరకు బండి కట్టించండి. తెల్లారాక చూద్దామంటే ఉండదు.

"బొచ్చంతా గొరిగించేస్తే చల్లగా ఉంటుంది గదా" అంటారు చాలామంది. చర్మం కనపడేదాకా గొరగకూడదు. ఎండ నేరుగా తగిలి చర్మం కాలుతుంది. ఈ జాతికి ఏడాదికి రెండుసార్లు, ముదిరిపోయిన పైవెంట్రుకల్ని చేత్తోగాని, ప్రత్యేకమైన కత్తితోగాని లాగి తీసే పద్ధతి ఉంది. ముదిరిన వెంట్రుక కనుక తేలిగ్గా ఊడివస్తుంది. ఆ పనివాళ్లు మనవైపు దొరకటం కష్టం. మిషనుతో పొట్టిగా కత్తిరించినా ఇంటి కుక్కకు నష్టం లేదు. బొచ్చు కొంచెం మెత్తబడుతుంది, రంగు వెలుస్తుంది, అంతే. వారానికి రెండుసార్లు పళ్లదువ్వెనతో వేళ్లదాకా దువ్వటం మాత్రం మానకూడదు. ఇది ఇల్లంతా బొచ్చు రాల్చే రకం కాదు. ఊడిన వెంట్రుక ఒంటిమీదనే చిక్కుపడి ఉంటుంది.

దువ్వేటప్పుడే పిడుదుల కోసం చూడాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద అవి దాగి ఉంటాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు కుక్కను లోపల్లోపల తినేస్తాయి. అన్నం మానటం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కునుంచి రక్తం రావటం చూస్తే ఆలస్యం చేయకండి. వానాకాలంలో తడిసి వచ్చినప్పుడల్లా చెవులూ, కాళ్లసందులూ పొడిగుడ్డతో తుడవాలి. స్నానం నెలకొకసారి చాలు.

ఇప్పుడు మన డెల్టాకే ప్రత్యేకమైన అపాయం ఒకటి చెబుతాను. దీన్ని ఏ సీమ పుస్తకంలోనూ వ్రాయరు. మన వరిచేలకు ఎలుకల బెడద ఎంతటిదో మీకు తెలుసు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో ఎలుకలమీద ప్రత్యేకంగా పరిశోధన జరుగుతుందంటే అర్థం చేసుకోవచ్చు. ఎలుకల నిర్మూలనకు 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి, పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తారు. ఆ మందు తిన్న ఎలుక మత్తుగా గట్టుమీద తిరుగుతూ ఉంటుంది. ఎలుకల్ని పట్టటమే కులవృత్తిగాగల టెర్రియర్‌ను ఆ గట్టుమీద గొలుసు లేకుండా వదిలారనుకోండి! ఎలుకతోపాటు విషమూ కడుపులోకి పోతుంది.

బ్రోమాడియోలోన్ అనే మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న రెండు మూడు రోజులదాకా కుక్క మామూలుగానే ఉంటుంది. తరవాత నీరసం, పాలిపోయిన చిగుళ్లు, నల్లటి విరేచనం. దీనికి విరుగుడుంది. డాక్టర్లు విటమిన్ కె వన్ ఇస్తారు. వేళకు తీసుకుపోతే చాలావరకు బతుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లమందు తింటే మాత్రం విరుగుడు మందంటూ లేదు. అందుచేత చేలగట్లమీద కుక్క ఎప్పుడూ గొలుసుమీదే ఉండాలి. ఊళ్లో ఎలుకల మందు పెట్టే రోజులు కనుక్కోవాలి. పాలేరు మందు కలిపిన గిన్నె ఎక్కడ కడిగాడో కూడా చూసుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లవల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కకూ వస్తుంది, మనిషికీ వస్తుంది. కుక్కకు దీనికి టీకా ఉంది. మన నీటిపట్టున అది తప్పనిసరి అనుకోండి.

ఎలుకతో ఆగితే మేలే. కదిలే ప్రతి చిన్నప్రాణీ దానికి వేటే. పిల్లి, కోడి, బాతు, ఉడత, దేన్నీ వదలదు. పక్కింటివారు సంక్రాంతికి జీడిపప్పూ, బాదంపప్పూ పెట్టి మేపుతున్న డేగనో, నెమలినో మీ కుక్క గోడదూకి పట్టిందనుకోండి. ఆ పుంజు ఖరీదు సంగతి అటుంచి, తరతరాల స్నేహం పోతుంది. కనుక గోడ ఎత్తు ముందు చూసుకోండి, పుంజు రాకముందే.

రెండో ప్రశ్న, కరుస్తుందా అన్నది. టెర్రియర్ అన్నమాట చెవినిబడితేనే జనానికి భయం పట్టుకుంది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధకశాఖ, ప్రమాదకరమైన జాతులంటూ ఒక జాబితాతో రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. పిట్‌బుల్ టెర్రియర్ అందులో ఉంది. ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసింది. పిట్‌బుల్ వేరు, ఎయిర్‌డేల్ వేరు. అది కుక్కల పోట్లాటకోసం పెంచిన వంశం, ఇది వేటకూ కాపలాకూ పెంచిన వంశం. తన ఇంటి పిల్లలంటే ఎయిర్‌డేల్‌కు ప్రాణం. ఆటలో మాత్రం మోటు. నాలుగేళ్ల పాపను ముద్దుకొద్దీ పడదోస్తుంది. ఏ జాతి కుక్కనైనా సరే, పసిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు. అన్నం తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ దాన్ని ముట్టుకోరాదని పిల్లలకు మొదటిరోజునే నేర్పండి. కుక్కకు నేర్పే పాఠాలకన్నా ముందు పిల్లలకు నేర్పవలసిన పాఠం ఇది.

పిచ్చికుక్క జబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాశ్చర్ మహాశయుడు 1885లో మొదటిసారి ఒక బాలుడికి టీకా వేసి కాపాడాడు. మన దక్షిణాదిన కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907లో వెలిసింది. ఒకప్పటి బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. కాని జబ్బు పోలేదు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకటం ఇప్పటికీ లేదనే చెప్పాలి. కుక్కపిల్లకు మూడోనెల నిండగానే టీకా వేయించండి, తరవాత డాక్టరు చెప్పిన గడువు తప్పకండి. ఇంటి కుక్క గీరినా, వీధికుక్క కరిచినా, పసుపూ కారమూ అద్దకుండా, సబ్బుతో పారేనీళ్లకింద పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లండి. చెయ్యిమీద నాలుగైదు సూదులు, గాయం లోతైతే గాయంలోనే వేసే ఇంకో మందు. "మన కుక్కే గదా" అన్న ధీమా వద్దు.

మూడోది, అత్తగారి సంగతి. పెద్దావిడ అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారేయటానికి వీల్లేదు. కుక్కవల్ల పెరిగే పని చివరకు ఎవరి నెత్తిన పడుతుందో ఆవిడకు అనుభవంమీద తెలుసు. మొదటిరోజునుంచీ వంటింటి గడపా, పూజగది గడపా దాటనివ్వకపోతే ఎయిర్‌డేల్ ఆ హద్దు చక్కగా నేర్చుకుంటుంది. ఒకరు కూడదనీ, ఒకరు పోనీలెమ్మనీ అంటే మాత్రం ఎన్నటికీ నేర్చుకోదు. దాని గడ్డం నీళ్లు తాగినప్పుడల్లా తడిసి, ఇల్లంతా కారుస్తుంది. నీళ్లతొట్టి వసారాలోనే పెట్టి, పక్కన ఒక గుడ్డ తగిలించండి.

మనింట్లో మిగిలిన కూరలు కుక్కకు పెట్టే అలవాటొకటి ఉంది. ఉల్లిపాయా, వెల్లుల్లీ కుక్క రక్తాన్ని చెరుస్తాయి. మన పులుసూ, కూరా అవి లేకుండా ఉండవు. ద్రాక్షపళ్లూ, పరమాన్నంలోని కిస్‌మిస్సూ మూత్రపిండాలకు విషం. చాక్లెట్టూ అంతే. ఉడికిన కోడిఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, చేపముల్లు గొంతులో ఇరుక్కుంటుంది. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన మాంసమో, గుడ్డో, ముల్లుతీసిన చేపో కాస్త అన్నంతో కలిపి, కూరగాయముక్కలు చేర్చి, రెండుపూటలుగా పెట్టండి. ఒక్కపూటే కడుపునిండా పెట్టి, వెంటనే పరుగెత్తించకండి. ఛాతీ లోతైన పెద్ద కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

పిల్లను తెచ్చేటప్పుడు రెండునెలలు నిండినదాన్నే తెచ్చుకోండి. అంతకన్నా చిన్నదాన్ని అమ్మటం 2017 నాటి నిబంధనల ప్రకారం తప్పు. తల్లిని చూపించమనండి. తల్లిదండ్రుల తుంటికీళ్లకు ఎక్స్‌రే తీశారేమో అడగండి, ఈ జాతికి ఆ లోపం వచ్చే అవకాశం ఉంది. తల్లిని చూపనివాడి దగ్గర పిల్లను కొనకండి.

ఇంత చెప్పాక ఒక మాట చెప్పకపోతే మనస్సు ఒప్పదు. నీటిపట్టున పుట్టిన కుక్కకోసం ఎయిర్ నదిదాకా పోనవసరం లేదు. మన కొల్లేటి చుట్టుపట్ల జోనంగి అనే జాతి ఉంది. పొట్టిబొచ్చు, సన్నటి ఒళ్లు, నుదుట ముడతలు. గొంతెత్తి మొరగటం తక్కువ, ఒకరకమైన రాగం తీస్తుంది. బాతుల మందల్ని తోలటం, చిన్నవేట పట్టటం దాని వృత్తి. ఎండకు తనకు తానే గొయ్యి తవ్వుకుని అందులో చల్లగా పడుకుంటుంది. బాతుల మేతచోట్లు చేపల చెరువులయ్యేసరికి దానికీ పని తప్పిపోయి, నిఖార్సైన జోనంగి దొరకటం అరుదైంది. చూశారా, అక్కడా అదే న్యాయం. పని పోయినచోట కుక్కా పోతుంది. మన వాతావరణానికి పుట్టిన ఆ జాతినిగాని, వీధిలో పుట్టిన ఒక మంచి పిల్లనుగాని తెచ్చుకున్నా మీ పిల్లలకు స్నేహితుడు దొరుకుతాడు. దానికీ నడకా, టీకా, హద్దూ కావలసిందే గాని, దువ్వెనా వడదెబ్బల బాధ తక్కువ.

అయినా ఎయిర్‌డేలే కావాలంటే వద్దనను. సరిగా పెంచితే అంత సరదా అయిన కుక్క, అంత ధైర్యంగల కుక్క అరుదు. అయితే మరిదికి జవాబు వ్రాసేముందు ఒక రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చోండి. రోహిణికార్తెలో తెల్లవారు అయిదింటికి లేచి నడిపించేదెవరు? వారానికి రెండుసార్లు దువ్వేదెవరు? శుభకార్యానికి అంతా ఊరికి వెళితే దాన్ని కనిపెట్టుకునేదెవరు? జబ్బుచేస్తే రాత్రివేళ పశువుల డాక్టరు దగ్గరకు ఎత్తుకుపోయేదెవరు? పెద్దబ్బాయి చదువుకని ఊరు విడిచి వెళ్లాక దాని భారం ఎవరిది? "అందరమూ" అనే జవాబు పనికిరాదు. ఒక్కొక్క ప్రశ్నకు ఎదురుగా ఒక మనిషి పేరు కాగితంమీద వ్రాయండి. ఆ జాబితాలో ప్రతిచోటా అత్తగారి పేరో, మీ పేరో మాత్రమే పడితే మరిదికి సున్నితంగా వద్దని వ్రాయండి.

పేర్లు సరిగా పడితే మాత్రం తెప్పించుకోండి. ఆరోగ్యంగా ఉంటే పది పన్నెండేళ్లు మీతో ఉంటుంది. ఈవేళ దానికి పేరుకోసం పోట్లాడుకుంటున్న పిల్లలు అప్పటికి కాలేజీ చదువులకు వచ్చి ఉంటారు. అన్నాళ్లూ తెల్లవారుజామున అయిదింటికి అది వాకిట్లో నిలబడి, ఇవాళ ఏం పని అని మీవంక చూస్తూనే ఉంటుంది.